మూడో లైనులో సూదులు విరగడం లేదు

సూదుల గది ఆవిడకు భయపడటానికి కారణం అక్కర్లేదు. కారణం దొరికితే ఇంకాస్త స్థిమితంగా భయపడుతుంది, అంతే తేడా. ఎవరైనా తుమ్మితే రేపటికి జ్వరమే అంటుంది. లిఫ్టు కిర్రుమంటే ఇవాళో రేపో తాడు తెగుతుందంటుంది. భోజనాల గదిలో పొడుగు బెంచీకి ఒక కాలు వదులుగా ఉందని మరమ్మతులాయనకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఆయన దాని మీద కూర్చుని, అటూ ఇటూ ఊగి చూపించి, "నీ గుండెకంటే గట్టిగానే ఉందమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ కుట్టు ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ ఆవిడ కొంపమునుగుడు పిన్ని.

అయితే ఆ భయమే ఆవిడకు అన్నం పెడుతోంది. పదకొండేళ్ళుగా సూదుల గదికి ఆవిడే దిక్కు. గదంటే గది కాదు, బీరువాకు కిటికీ పెట్టినట్టుంటుంది. కుట్టేవాళ్ళ దగ్గర సూది విరిగితే ముక్కలన్నీ ఏరుకుని ఆ కిటికీ దగ్గరికి తేవాలి. పిన్ని వాటిని తెల్ల కాగితం మీద పరిచి, భూతద్దం పెట్టి, పక్కన మంచి సూదిని ఉంచి, ముక్కకు ముక్క అతికించి చూస్తుంది. పొడవు సరిపోతే పుస్తకంలో టేపుతో అంటించి, పక్కన లైను నంబరు, మెషిను నంబరు, వేళ రాస్తుంది. ఆ తర్వాతే కొత్త సూది. ఆవగింజంత ముక్క తగ్గినా ఆ లైను ఆగాల్సిందే. పిన్ని అయస్కాంతం పట్టుకుని వచ్చి అందరినీ మోకాళ్ళ మీద కూర్చోబెడుతుంది.

"ఆ ముక్క ఏ బట్టలోకి దూరిందో, అది ఎవరి ఒంటి మీదకి వెళ్తుందో" అనేది ఆవిడ రోజుకోసారైనా. అలవాటైన పాట కనుక ఎవరూ వినేవారు కాదు. కానీ ముక్కలు మాత్రం తెచ్చేవారు.

ఆర్నెల్ల కిందట కూతుర్ని కూడా అక్కడే చేర్పించింది. పిల్లది చురుకు, చెయ్యి నేర్పు. మూడో లైనులో మెడపట్టీలు కుట్టే మెషిను ఇచ్చారు. మొదటి రోజునుంచే పిన్నికి కొత్త బెంగ పట్టుకుంది, పని గురించి కాదు, బెంచీ గురించి. మూడో లైను వాళ్ళంతా మధ్యాహ్నం ఆ పొడుగు బెంచీ మీద వరసగా కూర్చుని తింటారు. చోటు లేదని కాదు, జరగరు. పిల్లది డబ్బా పట్టుకుని కిటికీ గట్టు మీద ఒక్కతే కూర్చుని తినేది. సూదుల గది కిటికీలోంచి పిన్ని అది చూసి తన డబ్బా మూత పెట్టేసేది. ముద్ద దిగేది కాదు.

"పోనీ నా దగ్గరికొచ్చి తినవే."

"వస్తే ఇక ఎప్పటికీ నీ దగ్గరే తినాలి. వద్దులే అమ్మా."

ఆ మాట నిజమని పిన్నికీ తెలుసు. పని నేర్పేది ఫోర్‌మన్ కావచ్చు కానీ మనిషిని లైనులో చేర్చుకోవాల్సింది లైనే. ఎంత వేగంగా కుట్టాలి, పక్క మెషిను వెనకబడితే ఎప్పుడు చెయ్యి సాయం చేయాలి, ఎవరి మీద ఏ మాట పైకి చెప్పకూడదు, ఇవన్నీ గోడ మీద రాసి ఉండవు. పిల్లది ఒక్కొక్కటే కనిపెట్టింది. నాలుగో నెలలో ఒకరోజు మూడో లైను లీడరు, అందరూ పెద్దక్క అంటారు, డబ్బా ఒళ్ళోకి లాక్కుని, తల తిప్పకుండానే, "నిలబడి తింటే అరగదు, కూర్చో" అంది. ఆ రోజు సూదుల గదిలో పిన్ని రెండు ముద్దలు ఎక్కువే తింది. తిన్నాక బెంచీ కాలు గుర్తొచ్చింది. ఇంకో మనిషి బరువు పెరిగింది కదా.

ఇలా ఉండగా కొత్త మేనేజరు వచ్చాడు. కుర్రవాడే, మంచివాడే. చొక్కా నలగకుండా, మాట తూలకుండా ఉంటాడు. వచ్చిన వారానికే సూదుల పుస్తకం తిరగేసి తలపట్టుకున్నాడు. మర్నాడు తలుపు పక్కన ఒక పెద్ద తెల్ల బోర్డు వెలిసింది. ఏ లైనులో ఎన్ని సూదులు విరిగాయో రోజూ రాస్తారు. నెలాఖరుకు ఎవరివి తక్కువైతే ఆ లైనుకు కిటికీల పక్కన గాలీ వెలుతురూ ఉన్న చోటు. ఆ లైను లీడరుకు ఫ్లోరు సూపర్‌వైజరు పని.

పిన్ని ధైర్యం కూడగట్టుకుని అతని గది గుమ్మం దాకా వెళ్ళింది.

"సార్, సూది అన్నాక విరుగుతుంది. మెడపట్టీ దగ్గర నాలుగు మడతలు. ఎంత జాగ్రత్తగా కుట్టినా..."

"తెలుసమ్మా. కానీ పదిమందీ చూస్తున్నారంటే మనిషి ఇంకొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు. చూస్తూ ఉండండి."

చూస్తూనే ఉంది. మొదటి వారం తగ్గాయి. రెండో వారం బాగా తగ్గాయి. మూడో లైను గడిలో సున్నా పడింది. తర్వాత ఇంకో సున్నా. వరసగా తొమ్మిది రోజులు సున్నాలే. మేనేజరు ఆ బోర్డు ముందు నిలబడి టీ తాగడం మొదలుపెట్టాడు. పిన్నికి పని తగ్గింది. పుస్తకంలో టేపు అంటించే పని లేదు, మోకాళ్ళ మీద కూర్చునే పని లేదు. హాయిగా ఉండాల్సింది పోయి పాత పుస్తకాలు తిరగేసేది. పదకొండేళ్ళలో మెడపట్టీ సూది నాలుగు రోజులకు మించి బతికిన పాపాన పోలేదు. ఒకవేళ విరక్కపోయినా మొద్దుబారాలి కదా. మొద్దు సూది మార్చుకోవడానికైనా మూడో లైను నుంచి ఎవరూ రావడం లేదేం?

ఇంట్లో మొగుడితో అంటే, "విరిగితే ఒక ఏడుపు, విరక్కపోతే ఇంకో ఏడుపు. నీతో ఎలా వేగాలే సూదులు మాత్రం" అన్నాడు. ఆయన తాళాలు బాగుచేస్తాడు. ఎంత బిగుసుకుపోయిన తాళానికైనా నెమ్మదిగా నూనె వేస్తూ కూర్చునే మనిషి.

పదో రోజు, గురువారం, మధ్యాహ్నం మూడో లైనులో కలకలం రేగింది. పిల్లది చెవిదుద్దు పోయిందట. లైను లైనంతా కింద కూర్చుని వెతికారు. కొత్త మేనేజరు కూడా, పాపం, ఆ తెల్లటి ప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూర్చుని మెషిన్ల కిందకి టార్చిలైటు వేశాడు. పిన్నికి కిటికీ వదిలి కదిలే వీల్లేదు. అక్కడినుంచే మెడ చాచి చూసింది. పనిలోకి దుద్దులు వద్దే అని ఎన్నిసార్లు మొత్తుకుంది తను. బంగారం పోవడం మంచిది కాదు. పోతే పోయింది, ఏ మెషిను బెల్టులోనైనా చిక్కుకుని చెవి తెగి ఉంటే?

సాయంత్రం ఇంటికి రాగానే, మిగిలిన దుద్దునైనా భద్రంగా దాచుదామని పిల్లదాని సబ్బుపెట్టె తెరిచింది. అందులోనే అది నగలు దాచుకుంటుంది.

దుద్దులు రెండూ ఉన్నాయి.

ముందు ప్రాణం లేచొచ్చింది. దొరికిందన్నమాట అనుకుంది. తర్వాత పొద్దున తను జడ వేసినప్పుడు పిల్లదాని చెవులు గుర్తొచ్చాయి. బోసిగా ఉన్నాయి. అసలు దుద్దులు పెట్టుకునే వెళ్ళలేదు. మరి అంతమంది మోకాళ్ళ మీద కూర్చుని వెతికిందేమిటి? ఆ ఫ్యాక్టరీలో మోకాళ్ళ మీద కూర్చుని వెతికేది ఒక్కటే వస్తువు.

పెట్టె చేత్తో పట్టుకునే వంటింట్లోకి వెళ్ళింది. పిల్లది గిన్నెలు తోముతోంది.

"ఎంత ముక్క?"

పిల్లది గిన్నె కింద పెట్టలేదు. నీళ్ళు అలా పారుతూనే ఉన్నాయి.

"మొన. నువ్వుగింజలో సగం ఉంటుంది."

"ఎవరిది?"

"నాదే."

ఒక్కొక్కటే బయటికొచ్చింది. సూదులు బయట కొట్లో కొంటున్నారు, వారానికొకరి వంతు. విరిగితే ముక్కలు ఏరి కాగితంలో చుట్టి పారేసి, కొత్తది తామే పెట్టుకుంటున్నారు. ఇప్పటిదాకా అన్ని ముక్కలూ దొరికాయి. ఇవాళే మొన కనపడలేదు. అయస్కాంతం అడిగితే సూది విరిగిందని తెలిసిపోతుంది. అందుకని దుద్దు.

"మిగతా ముక్కలు పారేశావా?"

"లేదు. చెయ్యి రాలేదు." పిల్లది తడిచేయి తుడుచుకుని డబ్బా సంచీలోంచి చిన్న కాగితం పొట్లం తీసింది.

పిన్ని కూలబడింది. ఆ సరుకు ఏమిటో ఆవిడకు తెలుసు, పసిపిల్లల చొక్కాలు. మామూలు బట్టలైతే చివర్లో ఒక యంత్రం కిందుగా వెళ్తాయి, లోపల ఇనుము ఉంటే అది కూస్తుంది. ఈ చొక్కాలకు అడుగున ఇనుప ప్రెస్ బటన్లున్నాయి. ప్రతి చొక్కాకూ కూస్తోందని ఈ సరుకుకు ఆ యంత్రం ఆపేశారు. మూడు వేల చొక్కాలు, రేపు మధ్యాహ్నం లారీ. నెలల పిల్లాడి మెడ ఎంతుంటుందో, ఎంత మెత్తగా ఉంటుందో పిన్ని కళ్ళ ముందు కదిలింది. ఆ పిల్లాడు ఏడుస్తాడు. ఎందుకేడుస్తున్నాడో వాళ్ళమ్మకు తెలియదు. ఆకలనుకుని పాలు పడుతుంది.

"రేపు పొద్దున్నే మేనేజరు దగ్గరికి వెళ్దాం."

"వెళ్తే పెద్దక్కకు సూపర్‌వైజరు పని పోతుంది. పధ్నాలుగేళ్ళ నుంచి చూస్తోంది దాని కోసం. పోగొట్టింది నేనవుతాను." పిల్లది గొంతు పెంచలేదు. "వాళ్ళు నన్ను తిట్టరమ్మా. తిడితే బాగుండు. మాట్లాడరు. ఆ గట్టు మీద మళ్ళీ ఒక్కదాన్నే కూర్చుని తినలేను."

పిన్ని సబ్బుపెట్టె మూత తెరిచింది, మూసింది. రెండు భయాలు రెండు చేతులా పట్టుకుని లాగుతున్నాయి. ఒకటి మొహం తెలియని పసివాడిది, ఇంకోటి తన కడుపున పుట్టినదానిది.

పక్కగదిలో తాళం విప్పుకుంటూ ఇదంతా విన్న మొగుడు అక్కడినుంచే అన్నాడు. "తాళంచెవి పారేసుకున్నవాణ్ణి నేనెప్పుడైనా ఒక్క మాట అన్నానా? అంటే ఇంకోసారి నా దగ్గరికి రాడు. గునపం పెట్టి తలుపే పగలగొట్టుకుంటాడు."

"ఇప్పుడు తాళాల గొడవెందుకండీ."

"నాకు తెలిసింది తాళాలే కదే."

మర్నాడు పొద్దున పిన్ని గేటు దగ్గర పెద్దక్కను ఆపింది. పెద్దక్క వయసులో తనకంటే చిన్నదే, నలభై దాటలేదు. నడకే పెద్ద.

"నీతో ఒక మాట. ఆ మొన..."

"ఏ మొన వదినా?" పెద్దక్క సంచీ ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంది. "నీ కూతురు చెప్పిందా?"

"సబ్బుపెట్టె చెప్పింది. దుద్దులు రెండూ అందులోనే ఉన్నాయి."

పెద్దక్క పెదవి కొరుక్కుంది. "నీకు రోజూ ఏదో ఒకటి మునుగుతూనే ఉంటుంది. ఇదీ అలాంటిదే. ఆ మొన ఊడ్చిన చెత్తలో పోయి ఉంటుంది."

"పోయి ఉంటే మంచిదే. రోజూ విరిగే సూదులకు ముక్కముక్కకూ పుస్తకంలో లెక్కుంటుంది. ఇది పుస్తకంలో లేదు, అదీ నా బాధ."

"వెళ్ళి చెప్పుకో మరి. ఇంకా ఆరు రోజులుంది నెలాఖరుకి."

"నీ పేరు చెప్పను. పిల్లదాని పేరూ చెప్పను. కానీ లారీ ఎక్కనివ్వను."

పెద్దక్క విననట్టే లోపలికి వెళ్ళిపోయింది.

పిన్ని మేనేజరు గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఊపిరి పీల్చుకుని, ఒక సూది మొన దొరకలేదనీ సరుకు ఆపమనీ చెప్పింది. మేనేజరు లేచి నిలబడ్డాడు.

"ఏ లైను?"

పిన్ని తల అడ్డంగా ఊపింది.

"అమ్మా, లైను చెప్తే వాళ్ళ మూటలు మాత్రమే విప్పుతాం. చెప్పకపోతే మూడు వేలు. మధ్యాహ్నానికి ఎలా అవుతుంది?"

"నిజమే సార్. కానీ నేను చెప్పానంటే నా కిటికీ దగ్గరికి ఇక ఎవరూ రారు. ఇవాళ ఈ మొన దొరుకుతుందేమో కానీ రేపటివన్నీ పోతాయి." అంత పొడుగు మాట ఆవిడ ఏ మేనేజరుతోనూ ఎన్నడూ అనలేదు. అక్కడినుంచి తిన్నగా ప్యాకింగు హాల్లోకి వెళ్ళి, మొదటి పెట్టె విప్పి, నేల మీద కూర్చుంది. చొక్కా తీసి, అయస్కాంతం మెడ చుట్టూ తిప్పి, చేతుల మీద తిప్పి, పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది.

మేనేజరు వెనకే వచ్చి నిలబడ్డాడు. లైన్లలో మెషిన్లు ఒక్కొక్కటే నెమ్మదించాయి. తలలు తిరిగాయి. పిన్ని తల ఎత్తలేదు. పదిహేను చొక్కాలయ్యాయి, ఇరవై అయ్యాయి.

మూడో లైను నుంచి పిల్లది లేచింది. వచ్చి తల్లి పక్కన కూర్చుని, వేళ్ళతో మెడపట్టీలు తడమడం మొదలుపెట్టింది. పిన్ని దాన్ని చూసి కూడా చూడనట్టే ఉంది. చూస్తే ఏడుస్తుంది, తను ఏడిస్తే పిల్లది ఏడుస్తుంది, ఇద్దరూ ఏడిస్తే చొక్కాలెవరు చూస్తారు.

ముప్ఫై రెండో చొక్కా దగ్గర ఒక నీడ పడింది. పెద్దక్క.

"సార్, అవి కాదు. మూడో లైను మూటలు ఆ మూలనున్నాయి. నిన్న మధ్యాహ్నం కుట్టినవి నాలుగు మూటలు, మిగతావి విప్పక్కర్లేదు." గొంతు మామూలుగానే ఉంది కానీ పమిట కొంగు వేలికి బిగించి చుట్టుకుంది. "పిల్లదాని తప్పు కాదు. చెప్పొద్దన్నది నేను."

మేనేజరు ఆమెను చూశాడు, పిల్లదాన్ని చూశాడు. "అంటే నిన్న ఆ దుద్దు..."

"దుద్దు లేదు సార్."

అతను వంగి తన మోకాళ్ళు చూసుకున్నాడు. ప్యాంటు మారింది కానీ నిన్నటి మరకే వెతుక్కుంటున్నట్టుంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో దగ్గి సర్దేశారు. అతను కోప్పడతాడనుకున్నారంతా. అతను మూలకు వెళ్ళి ఒక మూట ఎత్తుకొచ్చి పిన్ని ముందు పెట్టి, "నాకూ ఒక అయస్కాంతం ఉంటే ఇవ్వండమ్మా" అన్నాడు.

మూడో మూటలో దొరికింది. పిల్లది పట్టుకున్న చొక్కా మీద పిన్ని అయస్కాంతం తిప్పుతుంటే, మెడపట్టీ ఒకచోట పురుగు కదిలినట్టు చిన్నగా పైకి లేచింది. కుట్టు విప్పితే రెండు మడతల మధ్య మెరిసింది. చేత్తో తడిమితే తగిలేది కాదు. నెల రోజులు ఉతికితే బయటికొచ్చేది.

పిన్ని దాన్ని అరచేతిలో పెట్టుకుని సూదుల గదికి నడిచింది. పిల్లది పొట్లం విప్పి మిగతా రెండు ముక్కలు ఇచ్చింది. తెల్ల కాగితం, భూతద్దం, పక్కన మంచి సూది. పొడవు సరిపోయింది. టేపు అంటించి, మూడో లైను, ఏడో మెషిను అని రాసింది. వేళ దగ్గర ఆగి, గురువారం మధ్యాహ్నం అని నిజమే రాసింది. కొత్త సూది ఇచ్చింది.

మేనేజరు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. "ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయమ్మా?" అని నెమ్మదిగా అడిగాడు.

"నా దగ్గరికొచ్చినవే నాకు తెలుసు సార్. ఆ బోర్డు అక్కడ ఉండగా అడిగితే ఎవరు చెప్తారు?"

కాసేపటికి చూస్తే బోర్డు గోడవైపు తిరిగి ఉంది. ఎవరు తిప్పారో పిన్ని చూడలేదు. సాయంత్రంలోగా ఒకటో లైను నుంచి ఇద్దరు, ఐదో లైను నుంచి ఒకామె, కొంగు ముడుల్లోంచీ పౌడరు డబ్బాల్లోంచీ పొట్లాలు తెచ్చి కిటికీలో పెట్టారు. ఏ ముక్కా తగ్గలేదు. పిన్ని ఎవరినీ ఎప్పటిదని తప్ప ఇంకేమీ అడగలేదు. అడగాలని నోటిదాకా వచ్చింది, తాళాలాయన మాట గుర్తొచ్చి మింగేసింది.

కానీ అది సాయంత్రం సంగతి. అంతకంటే ముందు మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు.

పిన్ని డబ్బా విప్పలేదు. కిటికీ ఊచలు పట్టుకుని చూస్తోంది. మూడో లైను వాళ్ళు పొడుగు బెంచీ మీద వరసగా కూర్చున్నారు, మాటల్లేవు. పెద్దక్క చివర్న కూర్చుని అన్నం కలుపుతోంది, తినడం లేదు. సూపర్‌వైజరు పని ఈ నెల రాదని ఆమెకు తెలుసు, వచ్చే నెల సంగతి ఎవరికీ తెలియదు. పిల్లది డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. బెంచీ వైపు ఒకసారి చూసింది. తర్వాత కిటికీ గట్టు వైపు నడిచింది.

పిన్ని తన డబ్బా పక్కకు తోసేసింది.

"ఏయ్" అంది పెద్దక్క, కలిపిన అన్నం వైపే చూస్తూ. "నీకు పోయిన దుద్దు ఆ గట్టు మీద ఉందా ఏంటి?"

బెంచీ మీద ఒకామె పక్కున నవ్వింది. పక్కనున్నామె మోచేత్తో పొడిచింది, తనూ నవ్వింది. పెద్దక్క డబ్బా ఒళ్ళోకి లాక్కుంది. అవతలివాళ్ళు తలా ఒక జానెడు జరిగారు. పిల్లది వెనక్కి తిరిగి వచ్చి, మధ్యలో ఇరుక్కుని కూర్చుంది.

పిన్ని కొంగుతో కళ్ళొత్తుకుని తన డబ్బా మూత తీసింది. ముద్ద కలిపింది. నోటి దగ్గర పెట్టుకోబోతూ ఆగి, కిటికీలోంచి మళ్ళీ తొంగిచూసింది. తొమ్మిదిమంది. ఆ కాలేమో అసలే వదులు.

మరమ్మతులాయన అటువైపే వెళ్తున్నాడు. పిన్ని ఊచల మధ్య నుంచి చెయ్యి బయటికి చాపింది.

"ఇదిగో, నాలుగోసారి చెప్తున్నా."